పాత కారుకు కొత్త నడక: తక్కువ ఖర్చులో సస్పెన్షన్ ఎలా ఎంచుకోవాలి?

మేము ముగ్గురం పదకొండో తరగతి సైన్స్ విద్యార్థులం. మా ఇళ్ళు లింబాయత్, పర్వత్ పాటియా వైపు ఉన్నాయి. మగ్గాల పని కోసం కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి సూరత్‌కు వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. మాలో ఒకరి చిన్నాన్నకు కార్ల పిచ్చి. ఎనిమిది మగ్గాల చిన్న కార్ఖానా నడుపుతూ, కూడబెట్టిన డబ్బుతో ఆయన 2003 నాటి ఎస్టీమ్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఎస్టీమ్ పుట్టుకతో స్పోర్ట్స్ కారు కాదు. కానీ బరువు తక్కువ, ఇంజిన్ చురుకు. అసలైన స్పోర్ట్స్ కార్లు అరుదైన మన దేశంలో చాలా ఏళ్ళ పాటు ర్యాలీలలో, రేసుల్లో పరుగెత్తిన కారు అది. అందుకే చిన్నాన్న దృష్టిలో అది స్పోర్ట్స్ కారే.

కారును ఇంకా 'స్పోర్టీ'గా చేయాలని గత ఏడాది ఆయన ఒక దుకాణంలో నాలుగు స్ప్రింగులనూ కొంత కొంత కోయించారు. కారు కిందికి దిగింది. చూడటానికి బాగుంది. ఖర్చు కూడా చాలా తక్కువ. జులైలో ఒక వాన రోజున తాతను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తుంటే, ఫ్లైఓవర్ మలుపులో రెండు శ్లాబుల మధ్య ఉండే ఇనుప అతుకు మీద వెనక చక్రాలు ఎగిరి పక్కకు జారాయి. కారు డివైడర్‌కు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ తాత ఇంటికి వచ్చాక, "ఇక ఆ బండి నేను ఎక్కను, ఆటో పిలువు" అన్నారు. చిన్నాన్న మొహం చిన్నబోయింది.

కారు అమ్మేయాలా, బాగు చేయించాలా అన్న చర్చ అక్కడ మొదలైంది. బాగు చేయించాలంటే ఏది ముందు, ఏది తర్వాత? చేతిలో ఉన్నది కొద్ది డబ్బే. ఆ సమయంలోనే మాకు బడిలో డోలనాల పాఠం మొదలైంది. పుస్తకంలోని స్ప్రింగుకూ, చిన్నాన్న కారు స్ప్రింగుకూ ఉన్న సంబంధం వెతుకుతూ మేము నేర్చుకున్నదే ఈ వ్యాసం.

స్ప్రింగు ఏం చేస్తుంది, షాకప్ ఏం చేస్తుంది?

చాలామంది పొరపడేది ఇక్కడే. కారు బరువును మోసేది స్ప్రింగు. గుంత వచ్చినప్పుడు నొక్కుకుని, చక్రాన్ని పైకి రానిచ్చి, కారు శరీరాన్ని దాదాపు నిశ్చలంగా ఉంచేది కూడా అదే. మన మెకానిక్‌లు షాకప్ అని, సూరత్‌లో షాకర్ అని పిలిచే షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. దాని పని స్ప్రింగు ఊగడాన్ని ఆపడం. లోపల నూనె, చిన్న రంధ్రాలున్న పిస్టన్ ఉంటాయి. పిస్టన్ కదిలినప్పుడు నూనె ఆ రంధ్రాల గుండా ఇరుక్కుంటూ పోతుంది. ఊపులోని శక్తి వేడిగా మారుతుంది. గతుకుల రోడ్డు మీద కాసేపు తిరిగాక షాకప్ వేడెక్కేది అందుకే.

మగ్గం ఉన్న ఇంటి పిల్లలకు ఇది సులువుగా అర్థమవుతుంది. నాడె ఒక పెట్టె నుంచి అవతలి పెట్టెలోకి వేగంగా దూసుకొస్తుంది. అక్కడ స్ప్రింగు మాత్రమే ఉంటే అది నాడెను వచ్చిన దారినే వెనక్కి తన్నేస్తుంది. అందుకే పెట్టె పక్కన నాడెను ఒత్తి రాపిడితో నెమ్మదింపజేసే పట్టీ, చివర మెత్తటి బఫర్ ఉంటాయి. వేగాన్ని తిరిగి ఇవ్వకుండా మింగేయడమే వాటి పని. కారులో షాకప్ చేసేది కూడా అదే. షాకప్ పాడైన కారు బఫర్ లేని మగ్గం లాంటిది. దెబ్బ తగులుతుంది, మళ్ళీ ఎగురుతుంది.

లెక్క చెప్పిన నిజం

ద్రవ్యరాశి m, స్ప్రింగు స్థిరాంకం k అయితే, సెకనుకు ఊపుల సంఖ్య √(k/m) ను 2π తో భాగిస్తే వస్తుంది. లెక్క సులువు కోసం ఒక్కో చక్రం మీద 220 కిలోల బరువు, స్ప్రింగు గట్టితనం మీటరుకు 18,000 న్యూటన్లు అనుకున్నాం. ఊపుల సంఖ్య సెకనుకు దాదాపు 1.4 వచ్చింది. మామూలు కార్లు సాధారణంగా 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. మనిషి నడకకు అలవాటు పడిన శరీరానికి ఆ లయ హాయిగా ఉంటుంది. గట్టితనాన్ని 40,000కు పెంచితే సంఖ్య 2.1 దాటుతుంది. నున్నటి రేసు ట్రాక్ మీద అది సరే. వర్షాకాలపు ఉధ్నా రోడ్డు మీద అది నడుముకు శిక్ష.

మరి స్ప్రింగు కోస్తే ఏమవుతుంది? స్ప్రింగు గట్టితనం చుట్ల సంఖ్యకు విలోమంగా మారుతుంది. ఆరు చుట్లలో ఒకటిన్నర కోసేస్తే నాలుగున్నర మిగులుతాయి. గట్టితనం మూడింట ఒక వంతు పెరిగి 24,000 అవుతుంది. "గట్టిపడింది కదా, ఇంకా మంచిదే" అని అప్పట్లో చిన్నాన్న కూడా అనుకున్నారు. కానీ కారు కిందికి దిగింది కాబట్టి చక్రం పైకి కదలడానికి మిగిలిన చోటు తగ్గిపోయింది. ముందు 8 సెంటీమీటర్లు ఉన్న చోటు 4 అయిందనుకుందాం. అంత దూరంలో స్ప్రింగు అదనంగా మింగగల శక్తిని ½kx² తో లెక్కవేశాం. కోయక ముందు 57.6 జౌళ్ళు. కోసిన తర్వాత 19.2 జౌళ్ళు. సరిగ్గా మూడో వంతు!

ఈ లెక్క నోటుబుక్కులో వచ్చిన రోజు మేము రెండుసార్లు సరిచూసుకున్నాం. స్ప్రింగు గట్టిపడింది, కానీ గుంతను మింగే శక్తి మూడో వంతుకు పడిపోయింది. మిగిలిన దెబ్బంతా షాకప్ పైన ఉండే రబ్బరు అడ్డు మీద పడుతుంది. ఆ రబ్బరు తగిలిన క్షణాన సస్పెన్షన్ ఉన్నట్టుండి రాయిలా మారుతుంది, చక్రం నేలను వదిలి ఎగురుతుంది. ఫ్లైఓవర్ మీద జరిగింది బహుశా అదే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కోసిన స్ప్రింగు పొట్టిగా ఉండటం వల్ల, చక్రం బాగా కిందికి వేలాడినప్పుడు అది తన పీట నుంచి కదిలి పక్కకు తప్పుకోవచ్చు.

పెద్దవాళ్ళు ఏం చేశారు?

గట్టి స్ప్రింగు ఉంటేనే స్పోర్ట్స్ కారు అవుతుందన్నది అపోహ. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ మలుపుల్లో అద్భుతంగా తిరిగే కారుగా పేరు పొందింది. దాని స్ప్రింగులు మెత్తనివి, చక్రం కదలడానికి చోటు ఎక్కువ, షాకప్‌లు వాటిని చక్కగా అదుపు చేసేవి. కారు బరువు చాలా తక్కువ. 1989లో మాజ్డా సంస్థ తెచ్చిన ఎం.ఎక్స్-5 కూడా ఆ బాటలోనే నడిచింది. పాత ఎం.ఎక్స్-5లను తక్కువ ఖర్చుతో బాగు చేసుకునేవారు ప్రపంచమంతా ఉన్నారు.

మన దగ్గర కూడా ఇలాంటి ఆలోచన చేసినవారు ఉన్నారు. కోయంబత్తూరులో తెలుగు మూలాలున్న పారిశ్రామిక కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి అనే రేసు కారును తయారు చేశారు. ఊళ్ళో దొరికే చవక భాగాలతోనే రేసింగ్‌ను మామూలు యువకులకు దగ్గర చేశారు. కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. ఖరీదైన వస్తువు కంటే సరైన చోట పెట్టిన వస్తువు ముఖ్యమని మాకు ఆయన కథ చెప్పింది.

ఏది ముందు, ఏది తర్వాత?

ఉధ్నా దగ్గరి గ్యారేజీలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక మెకానిక్ చాచా దగ్గరికి కారు తీసుకెళ్ళాం. ఆయన బానెట్ కూడా తెరవలేదు. వంగి టైర్లు చూశారు. "బేటా, నేలను తాకేది ఇవి ఒక్కటే. ముందు వీటి సంగతి చెప్పండి, తర్వాత స్ప్రింగుల మాట" అన్నారు. ఆయన చెప్పిన వరుస, మేము చదివి తెలుసుకున్న కారణాలు కలిపి ఇక్కడ ఇస్తున్నాం.

మొదటిది టైర్లు. టైరు పక్కన అచ్చువేసిన సంఖ్యలలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాట్లు లోతుగా కనిపించినా, ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. చిన్నాన్న కారు వెనక టైర్లు చూస్తే పదేళ్ళ నాటివి! కారు కొన్నప్పుడు ఎవరూ ఆ అంకెలు చదవలేదు. గాలి కూడా కంపెనీ చెప్పినంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పెట్టాలి. దానికి దాదాపు ఖర్చే లేదు.

రెండోది రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు. చక్రాన్ని కారుకు కలిపే ప్రతి చేతి చివరా ఒక రబ్బరు బుష్ ఉంటుంది. ఇరవై ఏళ్ళలో అవి పగిలి వదులవుతాయి. అప్పుడు స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద టక్ టక్ మని శబ్దం వస్తుంది. బుష్‌లు అరిగిన కారుకు ఎంత ఖరీదైన షాకప్ పెట్టినా ఫలితం కనబడదు. చాచా ఇక్కడ ఒక మెళకువ చెప్పారు. కొత్త బుష్ బోల్టులను కారు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బరువు పడిన తర్వాతే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండి తొందరగా చినిగిపోతుంది.

మూడోది షాకప్‌లు. వాటిని ఎప్పుడూ జతగానే మార్చాలి. ముందు రెండూ ఒకసారి, వెనక రెండూ ఒకసారి. ఒక పక్క కొత్తది, మరో పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు కారు రెండు వైపులా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మార్కెట్లో నూనె మాత్రమే ఉండేవి, నూనెతో పాటు నైట్రోజన్ వాయువు నింపినవి దొరుకుతాయి. గతుకుల మీద ఎక్కువసేపు నడిస్తే నూనె నురగ కట్టి పట్టు తగ్గుతుంది. వాయువు ఒత్తిడి ఆ నురగను అడ్డుకుంటుంది. మన రోడ్లకు, ఉరుకు కావాలనుకునే కారుకు పేరున్న కంపెనీ వాయువు షాకప్ చాలు. ఎత్తు సర్దుకునే చవక కాయిలోవర్ సెట్ల జోలికి వెళ్ళవద్దని మా సలహా. వాటి ధర తగ్గేది సాధారణంగా లోపలి కవాటాల నాణ్యత తగ్గడం వల్లే. ముందు షాకప్ ఎలాగూ విప్పుతారు కాబట్టి పైన ఉండే మౌంటు, రబ్బరు అడ్డు, దుమ్ము తొడుగు కూడా అప్పుడే మార్చేస్తే కూలి రెండోసారి కట్టాల్సిన పని ఉండదు.

నాలుగోది వీల్ అలైన్‌మెంట్. షాకప్, బుష్, స్ప్రింగులలో ఏది విప్పినా దీన్ని మళ్ళీ చేయించాలి. కారును కిందికి దించితే చక్రాల వాలు కూడా మారుతుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతోందంటే కారణం ఇదే కావచ్చు.

ఐదోది యాంటీ రోల్ బార్. ఎడమ, కుడి చక్రాలను కలిపే ఈ ఉక్కు కడ్డీ మలుపులో కారు పక్కకు వాలడాన్ని తగ్గిస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మాత్రం అడ్డుపడదు. అందుకే స్ప్రింగు గట్టిపరచడం కంటే ఇది మంచి దారి. కానీ జాగ్రత్త. కడ్డీ గట్టితనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పది శాతం లావైతే గట్టితనం 1.1 × 1.1 × 1.1 × 1.1, అంటే దాదాపు 1.46 రెట్లు. వెనక మరీ లావుది పెడితే తడి రోడ్డు మీద వెనక భాగం జారుతుంది. పాత కారుకు చాలాసార్లు కొత్త కడ్డీ అక్కర్లేదు. ఉన్న కడ్డీ బుష్‌లు, లింకులు మారిస్తే సరిపోతుంది.

అన్నిటికంటే చివరిది స్ప్రింగులు. కుంగిపోయినా, తుప్పు పట్టినా కంపెనీ కొలతవే కొత్తవి వేయించాలి. సూరత్ సముద్రపు గాలి తగిలే ఊరు. స్ప్రింగు కూర్చునే పీట దగ్గర తుప్పు ఉందేమో తప్పక చూడాలి. ముందువి మాత్రమే గట్టివి వేయడం కూడా తప్పే. గుంత ముందు చక్రాలకు మొదట, వెనక చక్రాలకు కాస్త ఆలస్యంగా తగులుతుంది. వెనక స్ప్రింగుల ఊపు కొంచెం వేగంగా ఉంటేనే ఆ ఆలస్యం సర్దుకుని కారు ముందుకూ వెనక్కూ ఊగకుండా ఉంటుంది. 1930లలో మారిస్ ఆలీ అనే ఇంజనీరు ఈ విషయం మీద పరిశోధన చేశారు. ఇక స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు కారు ఎత్తును కాస్త పెంచుతాయే గానీ, చుట్టు కదలికను ఆపి గట్టిపరుస్తాయి. అవి సస్పెన్షన్‌కు మందు కావు.

డబ్బు పంచుకున్న తీరు

చిన్నాన్న దగ్గరున్న మొత్తాన్ని పది పాళ్ళు చేశాం. నాలుగు పాళ్ళు టైర్లకు, మూడు పాళ్ళు షాకప్‌లకూ వాటి మౌంట్లకూ, రెండు పాళ్ళు బుష్‌లకూ జాయింట్లకూ, మిగిలిన ఒక పాలు అలైన్‌మెంటుకూ, వేరే బండి నుంచి తీసిన మంచి స్ప్రింగులకూ. ఆ స్ప్రింగులను చాచా తెచ్చి, చుట్లు లెక్కపెట్టి, నాలుగింటి ఎత్తు కొలిచి చూపించారు. ముందు చక్రాల స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ పని సరైన పనిముట్టు ఉన్న మెకానిక్ మాత్రమే చేయాలి. మనం ఇంట్లో ప్రయత్నించకూడదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. పైగా పదిహేనేళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. అప్పుడు కారు రోడ్డుకు తగినట్టు ఉందో లేదో చూస్తారు. అరిగిన భాగాన్ని అదే రకం మంచి భాగంతో మార్చుకుంటే ఏ చిక్కూ లేదు.

తర్వాత ఏమైంది?

కారు మళ్ళీ పైకి లేచింది. చిన్నాన్న కొడుకుకు అది నచ్చలేదు. "ఇప్పుడు అందరి కార్లలాగే ఉంది" అని గొణిగాడు. చిన్నాన్న కూడా మొదటి రోజు కాస్త దిగులుగానే చూశారు. కానీ డుమాస్ రోడ్డు మీద ఒక ఆదివారం ఉదయం నడిపి వచ్చాక ఆయన మాట మారింది. "స్టీరింగ్ ఎటు తిప్పితే అటే వెళుతోందిరా. ఇన్నాళ్ళూ నేను కారును నడపలేదు, పట్టుకుని కూర్చున్నాను" అన్నారు.

తాతను ఒప్పించడానికి ఇంకో నెల పట్టింది. చివరికి మేము ముగ్గురం వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుంటామంటేనే ఎక్కారు. అదే ఫ్లైఓవర్, అదే ఇనుప అతుకు. తాత ముందు సీటును గట్టిగా పట్టుకున్నారు. ధబ్ మని ఒక చిన్న శబ్దం, ఒకే ఒక ఊపు, అంతే. కొంత దూరం వెళ్ళాక తాత చేయి సీటు మీద నుంచి తీశారు. "దసరాకు ఊరికి దీంట్లోనే పోదామా?" అని చిన్నాన్న అడిగితే, "ముందు ఆ టైర్ల అంకెలు నాకు కూడా చూపించు" అన్నారు.

మీ ఇంట్లో కూడా పాత కారో, స్కూటరో ఉంటే ఈ ఆదివారం రెండు నిమిషాలు కేటాయించండి. టైరు మీది చివరి నాలుగు అంకెలు చదవండి. షాకప్ మీద నూనె చెమ్మ ఉందేమో చూడండి. కారు ఒక మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలేయండి. ఒకసారి లేచి నిలిచిపోతే మంచిదే. రెండు మూడుసార్లు ఊగితే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. మా చిన్నాన్న స్ప్రింగులు కోయించక ముందు మేము ఈ పాఠం చదివి ఉంటే బాగుండేదని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.